ఆక్షేపణ లేదని టిక్కు పెట్టింది నేనే

2023 వానాకాలం. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో సుపేలా మెయిన్ రోడ్డు మీద, ఒక చెప్పుల దుకాణం పైన మా ఆఫీసు. రెండు గదులు, ఐదుగురు మనుషులు, కింద నుంచి రోజంతా ఆటోవాళ్ళ అరుపులు. ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ రాసివ్వడం మా పని. ఊళ్ళో ఎవరికైనా ఈ మాట చెబితే జాలిగా చూస్తారు, మంచి ఉద్యోగం దొరక్క ఏదో చెబుతున్నానని. నాన్న ఉక్కు పని కోసం విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే, రిసాలిలో. నాన్న దృష్టిలో ఇనుము తాకకుండా చేసేది అసలు పనే కాదు.

ఆ ఏడాది ఒక ప్రైవేటు వర్క్‌షాపుకి మేం ఎంక్వైరీ ప్రోగ్రాం తయారుచేసి ఇచ్చాం. వర్క్‌షాపు పేరు చెప్పను. పెద్ద పెద్ద పోత పోసిన ఇనుప భాగాలను కోసి, నునుపు చేసి బయటికి పంపే చోటు అనుకుంటే చాలు. అక్కడ ఏదైనా ప్రమాదం జరిగితే ఎవరి పొరపాటని తేల్చడానికి ఇదివరకు ముగ్గురు ఆఫీసర్లు కూర్చునేవారు. ఆ ముగ్గురూ టీ తాగి, ముందే అనుకున్నది రాసి లేచిపోతారని వర్కర్ల ఫిర్యాదు. అందుకని మేనేజ్‌మెంట్ మా దగ్గరికి వచ్చింది. మనుషులు చెప్పిన మాటలను విడగొట్టి యంత్రానికి ఎక్కేలా రాయడాన్ని మా వృత్తిలో నాలెడ్జ్ ఇంజినీరింగ్ అంటారు. ఆ పని నాది. కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ ఈ వర్క్‌షాపు కేసునే పాఠంగా చెబుతాను. అందులో ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పకుండా దాచుకుంటాను. ఇక్కడ అది కూడా రాస్తాను.

కృత్రిమ మేధ అనగానే ఎక్కువమందికి తెలిసింది ఒకటే రకం, లక్షల ఉదాహరణలు నమిలి, ఎందుకో చెప్పకుండా జవాబు చెప్పే రకం. మాది అది కాదు. దీనికి ఆధారం ఆర్గ్యుమెంటేషన్ థియరీ, అంటే మనుషులు వాదించుకునే తీరును లెక్కగా రాసే శాస్త్రం. ఒక మాట నిజమా అబద్ధమా అని ఆ లెక్క అడగదు. దానికి ఎదురు వాదన ఉందా, ఆ ఎదురు వాదనకు మళ్ళీ ఎదురు ఉందా అని మాత్రమే చూస్తుంది. సుపేలాలో బస్సు ఆగుతుంది, రోజూ ఆగుతుంది కనుక. ఇది ఒక వాదన. ఇవాళ అక్కడ రోడ్డు తవ్వారు, ఆగదు. ఇది దాని మీద అటాక్. తవ్వినదాన్ని పొద్దున్నే పూడ్చేశారు. ఇది అటాక్ మీద అటాక్. అప్పుడు మొదటి వాదన మళ్ళీ లేచి నిలబడుతుంది. నిలబడినదానికి తెర మీద ఆకుపచ్చ చుక్క, పడిపోయినదానికి ఎర్ర చుక్క, ఎటూ తేలనిదానికి పసుపు చుక్క. ఎవరూ ఎదురు చెప్పని వాదనకు నేరుగా ఆకుపచ్చే.

చుక్క ఆ రంగులో ఎందుకుందో ఎవరైనా వేలు పెట్టి నొక్కి చూసుకోవచ్చు. వర్కర్లకు అది నచ్చింది. మొదటి నెలలోనే ఒక ఫిట్టర్ తన ఇంజినీరు వాదనను రెండు వాక్యాలతో పడగొట్టాడు. మరమ్మతుకి మెషీన్ ఆపలేదని ఇంజినీరు అంటే, ఆపే స్విచ్చి పాడైందని తను పది రోజుల ముందే రాసిచ్చానని ఫిట్టర్ కాగితం చూపించాడు. ఇంజినీరు చుక్క ఎర్రబడింది. ఆ సాయంత్రం కాంటీన్‌లో నాకు సమోసాలు తినిపించారు. ప్రోగ్రాంకి పంచాయత్ మెషీన్ అని పేరు పెట్టారు. నేనేదో న్యాయం చేసేస్తున్నానని గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళేదాన్ని.

ప్రతి రకం వాదనకూ వెనకాల కొన్ని క్రిటికల్ క్వశ్చన్లు ఉంటాయి, అంటే దాన్ని నమ్మే ముందు అడిగి తీరాల్సిన ప్రశ్నలు. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనేది కూడా ఒక రకం వాదనే. దానికి నేను మొదట ఐదు ప్రశ్నలు రాశాను. ఆరోపణ అతనికి అందిందా, అర్థమయ్యే భాషలో అందిందా, జవాబుకు గడువు ఇచ్చారా అని మూడు. మామూలుగా ఇలాంటి చోట మనిషి ఎదురు చెబుతాడా, చెప్పలేకపోవడానికి వేరే కారణం ఏదైనా ఉందా అని ఇంకో రెండు. ఫారం మొత్తం ఫోను తెర మీద ఒక్క పేజీలో కనబడాలని వర్క్‌షాపు మేనేజర్ పట్టుబట్టాడు. ఏవి తీసేయాలో మీరే చూడండి మేడమ్ అన్నాడు. చివరి రెండూ నేనే తీసేశాను. అలాంటి వాటికి ఎవరు మాత్రం ఏం రాస్తారులే అనుకున్నాను. ఐదు నిమిషాలు కూడా ఆలోచించలేదు.

ఆగస్టులో పెద్ద కేసు వచ్చింది. రెండో బేలో, అంటే షెడ్డులో రెండో వరసలో, క్రేన్ మీద వెళ్తున్న గేర్‌బాక్స్ పెట్టె కింద పడింది. దాన్ని కట్టిన స్లింగ్, అంటే క్రేన్ కొక్కేనికి తగిలించే ఇనుప తీగల తాడు, తెగిపోయింది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. పెట్టె చీలింది, నేల పగిలింది. తాడు తెగిన చోట పాత తుప్పు, ముందే తెగి ఉన్న తీగలు కనబడ్డాయి. అలాంటి తాడును అసలు వాడకూడదు. మరి ఎలా వాడారన్నదే ప్రశ్న.

ఆ తాడు కట్టింది రిగ్గర్ సింహాచలం గారు. రిగ్గర్ అంటే బరువుకు తాడు కట్టి, చేతి సైగలతో క్రేన్‌ను నడిపించే మనిషి. రిసాలిలో మా వీధి చివరే వాళ్ళ ఇల్లు. చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. అప్పటికి ఆయనది ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఫైల్లో ఒక్క మెమో లేదు. నవంబరు నెలాఖరుకి రిటైర్మెంట్. ఆ వర్క్‌షాపులో రిటైరయ్యేవాళ్ళకి దండ వేసి, డప్పులతో మెయిన్ గేటు దాకా నడిపించి సాగనంపడం ఆనవాయితీ. ఫైల్లో మచ్చ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ మర్యాద ఉండదు. ఎవరు రిటైరైనా సుపేలా వెళ్ళి దండ తెచ్చే పని ఏళ్ళ తరబడి సింహాచలం గారిదే. నీ దండ ఎవరు తెస్తార్రా అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, నాదీ నానే తెచ్చుకుంతాను అనేవారట. మచ్చ లేకుండా ఆ గేటు దాటడం తప్ప ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి తవిటినాయుడు గారు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే, ఒకే ఏడాది పనిలో చేరారు, ఒరే అంటే ఒరే అనుకునే స్నేహితులు. ఈ ప్రమాదానికి నాలుగేళ్ళ ముందు సింహాచలం గారి అమ్మాయి గౌరిని తవిటినాయుడు గారి అబ్బాయికి ఇచ్చారు. రెండు కుటుంబాలూ సంతోషంగా చేసుకున్న పెళ్ళి, వీధంతా వెళ్ళాం. కానీ పెళ్ళైన మర్నాటి నుంచి సింహాచలం గారి నోట ఒరే పోయింది. అన్నీ మీరు, వియ్యంకుడు గారు, దయచేయండి. అంతకు ముందు తాడు బాగాలేదని బే అంతా వినబడేలా తవిటినాయుడు గారిని తిట్టిన మనిషి, ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారి ఇవ్వడం మొదలుపెట్టాడు. పిల్లనిచ్చినవాడు పిల్లను తెచ్చుకున్నవాడి ముందు ఒక మెట్టు తగ్గి ఉండాలని మనవాళ్ళు ఎక్కడా రాసి పెట్టలేదు. తెలుగు కన్నా హిందీ బాగా వచ్చిన మా తరానికి కూడా అది ఎవరూ నేర్పకుండానే తెలుసు.

తవిటినాయుడు గారు రాసిచ్చింది నాలుగు వాక్యాలు. షిఫ్టు మొదట్లో స్లింగులు చూడటం రిగ్గర్ బాధ్యత. ఆ రోజు రిగ్గర్ సింహాచలం. తెగిన తీగలున్న స్లింగ్ కట్టారు. కాబట్టి తనిఖీ జరగలేదు. నేను దాన్ని వాదనగా విడగొట్టి ఎక్కించాను. ఎదురు చెప్పుకోవడానికి సింహాచలం గారికి మూడు రోజుల గడువు.

రెండు రోజులు ఆయన ఏమీ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేనే వర్క్‌షాపుకి వెళ్ళాను. టూల్ రూం పక్కన బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని, ఆ నాలుగు వాక్యాలూ తెలుగులో చదివి వినిపించాను. ఆయన తన అరచేతులు చూసుకుంటూ విన్నారు. దీనికి మీరు చెప్పేదేమైనా ఉందా బాబాయ్ అని అడిగాను.

"ఆరు సెప్పినాక నానేటంతాను పాపా?" అన్నారు. ఆరు అంటే వారు, వియ్యంకుడు గారు.

అలా కాదు, తాడు చూశారా లేదా, అదొక్కటి చెప్పండి చాలు అన్నాను.

"ఇన్నేల్లలో సూడకుండా ఏ తాడూ కట్టనేదు. ఇప్పుడా మాటెందుకులే. ఆరు పెద్దోరు."

తవిటినాయుడు గారు ఆయనకన్నా రెండేళ్ళు చిన్న. ఆ సంగతి నాకు తెలుసు.

ఆయన అన్నదాంట్లో సగం ఎదురు వాదన ఉంది. నేను కాస్త ఓపిక పట్టి ఉంటే మిగతా సగం కూడా వచ్చేదేమో. కానీ ఫారంలో ఎదురు వాదన ఎక్కించాలంటే ఏ వాక్యం మీద, ఏ ఆధారంతో అని రెండు గడులు నింపాలి. ఆయన మాట ఆ గడుల్లో పట్టలేదు. మేనేజర్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు, సాయంత్రం ఐదింటికి రిపోర్టు కావాలి, పసుపు చుక్కలు వద్దు, ఏదో ఒకటి తేలాలి అని. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అన్ని చుక్కలూ తేలిపోయిన పెద్ద కేసు ఒకటి చేతిలో ఉంటే వేరే ఫ్యాక్టరీలకు చూపించుకోవచ్చని నాకు ఆశగా ఉంది. ఫారం అడుగున 'ఆక్షేపణ లేదు' అని ఒక గడి. ఆయన చూస్తుండగానే దాంట్లో టిక్కు పెట్టాను. అయిపోనాదా అని అడిగారు. అయిపోయింది బాబాయ్ అన్నాను.

రిగ్గర్ తనిఖీ చేయలేదు అన్న వాక్యం పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. ఆ సాయంత్రం అన్నం తింటూ నాన్నకి ఈ సంగతి చెప్పాను. సింహాచలం తాడు చూడకుండా కట్టాడని ఎవరు చెప్పారని ఆయన అడిగారు. అన్ని వైపులా వాదనలు తీసుకుని మెషీనే తేల్చిందన్నాను. "ఆ మిసనుకి సింహాచలం తెలుసా?" అన్నారు నాన్న. ఆయనకు ఈ శాస్త్రం అర్థం కాదని మనసులో నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

వారం తిరక్కుండా సింహాచలం గారి రిగ్గర్ కార్డు వెనక్కి తీసుకున్నారు. ఫైల్లో మెమో పడింది. మిగిలిన మూడు నెలలూ ఆయన్ని స్టోర్‌లో కూర్చోబెట్టి బోల్టులు సైజుల వారీగా వేరు చేయించారు. రిపోర్టు ఎంతో బాగుందని, వేలెత్తి చూపించడానికి ఎక్కడా సందు లేదని మేనేజర్ మా ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

నవంబరు చివరి రోజు నేను వేరే పని మీద వర్క్‌షాపులోనే ఉన్నాను. ఆ రోజే ఒక వెల్డర్ కూడా రిటైరవుతున్నాడు. అతని దండ సుపేలా నుంచి తెచ్చింది సింహాచలం గారే. బంతిపూల దండ తడిగుడ్డలో చుట్టి, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని తెచ్చారు. వెల్డర్ మెళ్ళో దండ పడింది, డప్పులు మోగాయి, జనమంతా మెయిన్ గేటు వైపు నడిచారు. ఈయన హెల్మెట్ మేకుకి తగిలించి, స్టోర్ తాళం అప్పజెప్పి, సైకిల్ నడిపించుకుంటూ పక్క గేటు గుండా వెళ్ళిపోయారు. తవిటినాయుడు గారు ఆ రోజు సెలవు పెట్టారు. నేను కాంటీన్ కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. వెళ్ళి ఒక్క మాట మాట్లాడి ఉండొచ్చు, వెళ్ళలేదు.

మార్చిలో మళ్ళీ ఒక స్లింగ్ తెగింది. ఈసారి బరువు చిన్నది, నష్టం లేదు, అయినా ఎంక్వైరీ తప్పదు. రిగ్గర్ వేరే మనిషి. అతని మీద ఆరోపణ ఎక్కించగానే ప్రోగ్రాం తనంతట తనే దానికి ఒక మద్దతు వాదన చేర్చింది. పాత కేసుల్లో పోలిక ఉన్నదాన్ని వెతికి తెచ్చే ఏర్పాటు అది, నేనే ఎంతో ముచ్చటపడి రాసింది. ఇదే బేలో ఇంతకు ముందు రిగ్గర్ తనిఖీ చేయకపోవడం వల్ల స్లింగ్ తెగింది, రిగ్గర్ ఆక్షేపించలేదు అని తెర మీద వచ్చింది. కింద సింహాచలం గారి పేరు, టోకెన్ నంబరు. నా టిక్కు ఇప్పుడు ఇంకో మనిషి మీద సాక్ష్యం చెబుతోంది. ఇరవై, ముప్పై సార్లు చదివి ఉంటాను ఆ రెండు ముక్కలూ.

ఆ కేసులో క్రేన్ ఆపరేటర్ దుకాలూరామ్‌ని సాక్షిగా పిలిచారు. యాభై దాటిన ఛత్తీస్‌గఢీ మనిషి, మాట చాలా తక్కువ. తను చెప్పాల్సింది చెప్పేసి, లేచి నిలబడి, మొన్నటి ఆగస్టు సంగతి కూడా రాసుకుంటారా అని హిందీలో అడిగాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

"ముఝే తో కిసీ నే పూఛా హీ నహీ, దీదీ" అన్నాడు.

తనను ఎవరూ అడగనే లేదట. నిజమే. నా ఫారంలో ఇద్దరికే చోటుంది, ఆరోపించినవాడికీ, ఆరోపణ పడ్డవాడికీ.

పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కి కింది మాటలు వినబడవు, చేతులే చూస్తాడు. ఆ ఆగస్టు పొద్దున సింహాచలం గారు ఆ తాడును వేళ్ళతో తడిమి చూశారు. దానికి ఒక ఎర్ర పేలిక కట్టి పక్కన పడేశారు. ఎర్ర పేలిక కట్టారంటే ఆ తాడు ఇక పనికిరాదని అర్థం, అది ఆయన అలవాటు. కాసేపటికి తవిటినాయుడు గారు వచ్చి పేలిక విప్పి జేబులో పెట్టుకున్నారు. సింహాచలం గారు చెయ్యి అడ్డంగా ఊపారు. అప్పుడు తవిటినాయుడు గారు ఆయన ముందు రెండు చేతులూ జోడించారు. సింహాచలం గారు చప్పున ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశారు. తర్వాత వంగి, ఆ తాడే కట్టారు.

ఇన్‌ఛార్జి రిగ్గర్‌కి దణ్ణం పెట్టడమేమిటని దుకాలూరామ్ నన్ను అడిగాడు. ఆ చేతుల అర్థం అతనికి తెలియలేదు, నాకు తెలిసింది. పెళ్ళికొడుకు తండ్రి తన ముందు చేతులు జోడిస్తే ఆడపిల్ల తండ్రికి ఇంక కాదనే దారి లేదు.

మర్నాడు తవిటినాయుడు గారిని కలిశాను. దబాయిస్తారనుకున్నాను, దబాయించలేదు. ఆ రోజు లారీ వాకిట్లో నిలబడి ఉందని, కొత్త తాడు స్టోర్‌లో లేదని, ఒక్కసారి ఎత్తడమే కదా అనుకున్నానని చెప్పారు. మరి అలా ఎందుకు రాశారని అడిగాను.

"నాను రాసింది మొదటి మాటే కదమ్మా. ఆయన ఎదురు రాస్తాడనుకున్నాను. ఎనకటిలాగ నలుగురిలో తిడతాడని సూసినాను. తిట్టనేదు. ఈలోగా మిసనే తేల్చీసింది. పచ్చసుక్క పడిపోనాక నానేటి సెయ్యాల?"

ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. మూడు రోజుల్లో ఎప్పుడైనా వచ్చి ఆ నాలుగో వాక్యం కొట్టేయమని చెప్పొచ్చు కదా అని గట్టిగానే అన్నాను. తల దించుకున్నారు. తన నోటితో చెప్పాల్సిన మాటను యంత్రం మీదకి తోసేశారు ఆయన. నేనూ చేసింది అదే కాబట్టి నా కోపం ఎక్కువసేపు నిలబడలేదు.

ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం, అందులో ఏ నిర్ణయమూ శాశ్వతం కాకపోవడం. కొత్త వాదన ఒక్కటి వస్తే నిలబడినది పడిపోవచ్చు, పడిపోయినది లేవొచ్చు. ఆ వారమే నేను తీసేసిన రెండు ప్రశ్నలనూ తిరిగి పెట్టాను. మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు అని ఇంకొకటి కొత్తగా చేర్చాను. ఫారం రెండు పేజీలైంది, మేనేజర్ గొణిగాడు. పాత కేసు తిరిగి తెరవడానికి కూడా బతిమాలి ఒప్పించాను. అయితే అప్పట్లో ఆక్షేపణ లేదన్న మనిషే ఇప్పుడు ఆక్షేపిస్తున్నానని సంతకం పెట్టాలన్నాడు. అది న్యాయమే. కాగితం పట్టుకుని పక్క ఊరు ఉతైకి బస్సెక్కాను. రిటైరయ్యాక సింహాచలం గారు రిసాలి వదిలేసి అక్కడ చిన్న ఇల్లు చూసుకున్నారు.

వాకిట్లో కూర్చుని పొరుగువాళ్ళ ఆవుకి పలుపు పేనుతున్నారు. నన్ను చూసి, ఎండలో వచ్చినందుకు కేకలేసి, మజ్జిగ తెప్పించారు. దుకాలూరామ్ చూసిందంతా చెప్పాను. సంతకం పెడితే మెమో పోతుందని, వర్క్‌షాపువాళ్ళే పిలిచి దండ వేసేలా చూస్తానని చెప్పాను. చివరిదాకా విన్నారు. కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"ఇది రాస్తే నా మచ్చ పోతాది. పోయి ఎక్కడికెల్తాది పాపా? ఆరికి అంటుకుంతాది. ఆరికింకా ఏడాదిన్నర సర్వీసుంది. గౌరి ఆ ఇంట్లో ఉంది. రేపు ఆ గుమ్మంలో నాను ఏ మొకం పెట్టుకుని అడుగెయ్యాల?"

అబద్ధం ఫైల్లో ఉండిపోతుంది బాబాయ్ అన్నాను. ఉండనీ, తినడానికి అడగదు కదా అని నవ్వేశారు. అప్పుడు కొత్త కేసు సంగతి చెప్పాను. ఇంకో రిగ్గర్ మీద మీ పేరు సాక్ష్యంగా వాడుతోందని. దానికి మాత్రం ఆయన మొహం మారింది. పలుపు పక్కన పెట్టి, నా పేరు ఏ మనిషి మీదా ఎత్తకుండా చూడు, అదొక్కటి చెయ్యి అన్నారు. అది నా చేతిలో ఉన్న పనే. దుకాలూరామ్ మాటను దన్నుగా పెట్టి ఆ పాత కేసు చుక్కను పసుపు చేశాను. పసుపు చుక్క ఉన్న కేసును ప్రోగ్రాం ఎవరి మీదా సాక్ష్యంగా తేలేదు. కొత్త రిగ్గర్ బయటపడ్డాడు. సింహాచలం గారి మెమో మాత్రం అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది.

శిక్షణలో నేను ఇక్కడితో ఆపేస్తాను. ఎదురు చెప్పకపోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య చాలా దూరం ఉందని, ఆ దూరంలో ఏముందో యంత్రం అడిగేలా మనం రాయాలని, ఫారం పొడుగైపోతుందని ప్రశ్నలు కొట్టేయొద్దని చెబుతాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. అంతా నిజమే. కానీ ఆ రోజు ఉతైలో నేను నేర్చుకున్నది అదొక్కటే కాదు.

బస్సు వేళవుతోందని లేచాను. ఆయన మనసుకి కాస్త ఊరటగా ఉంటుందనుకుని ఫోన్ తీసి కొత్త ప్రశ్న చూపించాను. ఇకమీదట ఎవరికీ ఇలా జరగదు బాబాయ్, ఇద్దరూ ఏమవుతారని మెషీన్ ముందే అడుగుతుంది అన్నాను. ఆయన ఆ తెర వైపు చూసి నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అది మిసను అడగాలేటి పాపా? గౌరి పెల్లిలో నన్నూ ఆరినీ పక్కపక్కన కూకోబెట్టి బూరెలు ఒడ్డించినావు. ఆరికి ముందెయ్యి, తరవాత నాకెయ్యి అని నానే సెప్పినాను. అలాగే యేసినావు. నీకు తెలీదేటి?"

నేను బదులు చెప్పలేదు. చెప్పులు తొడుక్కుని బస్టాండుకి నడిచాను. ఎదురు చెప్పనివాళ్ళు ఒప్పుకున్నట్టేనని నేను రాసిన నియమం సింహాచలం గారి విషయంలో తప్పు. నా విషయంలో మాత్రం అది నూటికి నూరుపాళ్ళూ సరైనదే.